నాదే అన్నంక

బంతి అవతలి గోలు దగ్గర ఉన్నంతసేపూ గోల్‌కీపర్‌కు పని ఉండదు. అరుపులు దుప్పట్లోంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తాయి. ఎండ ఒకచోట నిలబడిపోతుంది. తన నీడను తాను తొక్కకుండా అటూ ఇటూ నడుస్తూ ఉండడమే. ఆటలో దోర్కాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ ఖాళీ నిమిషాలే. ఆట మానేశాక కలల్లోకి వచ్చేవీ అవే. పట్టిన బంతులు రావు, వదిలేసిన గోల్స్ రావు. నాచారంలోని పాత కంపెనీ గ్రౌండు వస్తుంది. చెరువు మీది మంచు ప్రహరీ దాటి లోపలికి దిగి ఉంటుంది. అందులో ఎక్కడో బంతిని తన్నిన చప్పుడు, దూరంగా. తను మాత్రం తల్లి కుట్టిన గ్లవ్స్ తొడుక్కుని నిలబడి ఉంటుంది. బంతి రాదు. రావాలన్న తొందర కూడా ఉండదు. మెలకువ వచ్చేసరికి దుప్పటి మీద రెండు అరచేతులూ తెరిచి ఉంటాయి.

"ఎప్పుడు జూసినా గట్ల అడుక్కుంటున్నట్టు పంటవేందే?" అంటుంది తల్లి సాలమ్మ.

సాలమ్మ మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుట్టేది. భర్త దేవానందం సూర్యాపేట పక్క పల్లె నుంచి వచ్చి నాచారం కార్ఖానాలో చేరిన మనిషి, ఇప్పుడు లేడు. కూతురు పుట్టినప్పుడు దోర్కా అని పేరు పెట్టింది సాలమ్మే. బైబిల్లో దోర్కా విధవరాళ్లకు బట్టలు కుట్టి ఇచ్చిన మంచి మనిషి. ఈ దోర్కాకు ముప్పై అయిదు దాటినా ఊడిన గుండీ కుట్టడం రాదు. "పేరు వెట్టిన పాపానికి నేనే కుడుతున్న" అని ఆమె చర్చిలో ఆడవాళ్ల దగ్గర చెప్పుకుంటుంది. అయినా పిల్ల మొదటిసారి గోల్లో నిలబడ్డప్పుడు గ్లవ్స్ కొనలేక, పాత రెక్సిన్ సంచీని కత్తిరించి, లోపల స్పాంజి పెట్టి, వేలు వేలుకూ రెండు కుట్లు వేసి ఇచ్చింది కూడా ఆమే.

దోర్కాను గోల్లో నిలబెట్టింది సాంబయ్య సారు. ఆయన జవానీలో కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. జట్టు ఎత్తేశాక అదే గ్రౌండుకు వాచ్‌మన్ అయ్యాడు. ఊరికే పడి ఉన్న గ్రౌండును చూడలేక గల్లీ ఆడపిల్లలను పోగుచేసి ఆడించేవాడు. దోర్కా పొడుగు పిల్ల కాదు, చురుకైనదీ కాదు. ఒకరోజు మంచినీళ్ల ట్యాంకర్ మలుపు తిరగ్గానే ఆ పిల్ల "నీళ్లొచ్చినయ్!" అని ఒక్క కేక వేసింది. గ్రౌండులో ఆడుతున్నవాళ్లు ఆట ఆపేసి బిందెల కోసం ఇళ్లకు పరిగెత్తారు. సాంబయ్య సారు మిగిలాడు, ఆ కేక వేసిన పిల్ల మిగిలింది.

"ఇటు రావే. రేపటి నుంచి గోల్ల నువ్వే."

"నాకు పట్టరాదు సార్."

"పట్టుడు నేర్పుత. గొంతు ఎవడు నేర్పుతడు?"

ఆ గొంతును అప్పటిదాకా అందరూ తగ్గించమన్నవాళ్లే. పాటల బృందంలో ఆమెను చివరి వరుసలో, తలుపు దగ్గర నిలబెట్టేవారు. ఎవరైనా ఎక్కువ కావాలని అడగడం అదే మొదటిసారి.

సాంబయ్య సారు నేర్పినవాటిలో ఒక మాట ఉంది. ఎత్తుగా వచ్చే బంతి కింద నలుగురు పిల్లలు గుమిగూడుతారు. అప్పుడు గోల్‌కీపర్ "నాదే!" అని అరవాలి. ఒక్కసారే, గ్రౌండంతా వినపడేలా. ఆ మాట విన్నాక తన జట్టులో మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి.

"నాదే అన్నంక పోవాలె," అనేవాడు ఆయన. "కాళ్లు ఇరిగినా పోవాలె. పోని దానివి అనకు. నువ్వు అన్నవని పోయేటోళ్లు ఆగుతరు, నువ్వు పోవు, ఇగ బాల్ ఎవరిది? గోల్లది."

పిల్లలు ఆ మాటను గల్లీకి తీసుకుపోయారు. ఆఖరి మిర్చి బజ్జీ మీద, కిటికీ పక్క సీటు మీద, పెళ్లికొచ్చిన కొత్త బావల మీద "నాదే" అని అరిచేవారు. దోర్కా మాత్రం గోల్లో తప్ప ఎక్కడా అనేది కాదు. ఎవరూ వద్దనలేదు. నోరు రాలేదు, అంతే.

ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ ఉన్న సాయంత్రాలు దక్షిణం వైపు ఆకాశం పాలు ఒలికినట్టు తెల్లబడేది. మిద్దె మీద ఆరేసిన యూనిఫారాల మధ్య నిలబడి దోర్కా ఆ వెలుతురు చూసేది. తడి లంగాలు గాలికి ఊగుతుంటే వాటి అవతల ఎవరో వేలమంది కూర్చుని తనకోసం చూస్తున్నట్టు ఉండేది. ఒకసారి సాంబయ్య సారుతో అంది కూడా. ఆయన నవ్వాడు. "అది బ్యాటోళ్ల గుడి బిడ్డా. మనకు గీ గ్రౌండే చర్చి."

అక్కడ ఆడలేదు గాని చాలాచోట్ల ఆడింది. కటక్‌లో వానలో, రాంచీలో చలిలో, పేరు గుర్తులేని ఊళ్లలో తెల్లారుజామున రైలు దిగి స్కూలు గదుల్లో పడుకుని. పదేళ్లకు పైగా రాష్ట్ర జట్టు గోలు ఆమెదే. జాతీయ శిబిరానికి రెండుసార్లు పిలిచారు. ఒకసారి ఖాట్మండూ తీసుకుపోయారు. అక్కడ ఆమె ఒక్క నిమిషమూ ఆడలేదు. బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా కొండలు ఉన్నాయి, వాటి వెనక ఇంకా తెల్లని కొండలు ఉన్నాయి. ఇంటికొచ్చాక ఎట్లుండె అని అమ్మ అడిగితే, "మబ్బులు కూసున్నట్టుండె" అంది. సాలమ్మకు అర్థం కాలేదు. "గెలిసిన్రా ఓడిన్రా?" అంది.

ఆఖరి ఆట ఒక కార్నర్ దగ్గర, గ్రౌండు మూల నుంచి తన్నిన బంతి దగ్గర ముగిసింది. బంతి ఎత్తుగా వచ్చింది. "నాదే!" అంది, వెళ్లింది. పట్టింది. దిగేటప్పుడు మోకాలు తనది కానట్టు పక్కకు తిరిగింది. పడి ఉన్నా బంతి రొమ్ముకు హత్తుకునే ఉంది. స్ట్రెచర్ వచ్చాక రెఫరీ మోకాళ్ల మీద కూర్చుని, "ఇక ఇచ్చెయ్యమ్మా" అని వేలు వేలు విడదీసి తీసుకోవలసి వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా కొన్నేళ్లు చేసింది. స్కూలు వాళ్లు గ్రౌండులో కొత్త బిల్డింగు లేపారు. గ్రౌండు లేనిచోట పీఈటీ ఎందుకని మాన్పించారు. మల్లాపూర్‌లో పార్సిళ్ల గోడౌన్‌లో పని ఉందని చర్చిలో ఎవరో చెప్పారు. పొద్దంతా నిలబడే పని. మోకాలు ఒప్పుకుంటుందో లేదో అని ఆలోచిస్తూ ఉండగా క్రిస్మస్ వచ్చింది.

ప్రతి క్రిస్మస్‌కూ చర్చి ఆవరణలో ఆటలపోటీలు పెడతారు. మైకు ఆ ఏడు దోర్కా పట్టుకుంది. నిమ్మకాయ స్పూను పందెంలో లావుపాటి పాస్టరమ్మ ఆఖరున వస్తూ, ముందున్నవాళ్ల నిమ్మకాయలన్నీ ఒక్కొక్కటే పడిపోతుంటే తాపీగా గెలిచిన వైనాన్ని దోర్కా చెప్పిన తీరుకు జనం కుర్చీలెక్కి చూశారు. అతిథిగా వచ్చిన గంగాధరరావు కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన రేడియోలో క్రికెట్టూ కబడ్డీ చెప్పి రిటైరైన మనిషి, నాగోల్‌లో ఉంటాడు.

"ఏమ్మా, నువ్వు ఫుట్‌బాల్ ఆడేదానివటగా? నాకు తెలిసినవాళ్లు ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగును ఫోన్లలో చూపిస్తూ తెలుగులో కామెంటరీ మొదలెడుతున్నారు. నాకా ఆట ఓనమాలు తెలీదు. నా పక్కన కూర్చుంటావా?"

"నాకు మంచి తెలుగు రాదు సార్."

"నాకు మంచి ఫుట్‌బాల్ రాదు. సరిపోతుంది."

స్టూడియో ఉప్పల్ రింగ్ రోడ్డు మీద సోఫాల షాపు పైన ఉంది. అక్కడ అంతా చూసుకునేది రాజశ్రీ. పాతికేళ్ల వరంగల్ పిల్ల, ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్స్. ఆటలు ఎక్కడో కేరళలో, గోవాలో జరుగుతాయి. వీళ్లు ఒక చిన్న గదిలో స్క్రీన్ ముందు కూర్చుని చెప్పాలి. గోడలకు స్పాంజి అంటించారు. తలుపు మూస్తే రింగ్ రోడ్డు ఎక్కడికో వెళ్లిపోతుంది. ఆ నిశ్శబ్దం దోర్కాకు బాగా తెలిసినట్టు అనిపించింది.

"మూడు మ్యాచ్‌లు చూస్తం మేడం. ఓకే అయితే సీజన్ మొత్తం మీరే," అంది రాజశ్రీ.

మొదటి మ్యాచ్‌లో బంతి అవతలి గోలు వైపు వెళ్లింది. చాలాసేపు అక్కడే తిరిగింది. గంగాధరరావు మంచినీళ్లు తాగుదామని మైకు ఆమెకు వదిలాడు. దోర్కా ఏమీ అనలేదు. ఇవతలి గోల్‌కీపర్ పచ్చటి గడ్డి మీద ఒక్కతే నిలబడి ఉంది. ఆమె నీడ పొడుగ్గా ఉంది. ఆమెకు ఇప్పుడు అంతా మెత్తగా వినిపిస్తూ ఉంటుంది, అనుకుంటూ దోర్కా ఆ నీడ పక్కన నడవసాగింది.

"మేడం," చెవిలో రాజశ్రీ గొంతు. "మేడం, ఉన్నరా? జనం ఫోన్ ఖరాబైందనుకుంటరు."

రెండో మ్యాచ్‌లో తప్పకుండా మాట్లాడాలని గట్టిగా అనుకుని కూర్చుంది. మాట్లాడింది కూడా. ఎవరు ఎందుకు ఎటు జరిగారో చెబుతుంటే గంగాధరరావు మధ్యమధ్యన "ఓహో" అంటూ వచ్చాడు. అంతలో కార్నర్. బంతి లేచింది. దీపాల వెలుగులోకి వెళ్లి, అక్కడ ఒక్క క్షణం ఆగినట్టు ఆగింది. దోర్కా "నాదే!" అని అరిచి లేచి నిలబడింది. చేతులు పైకెత్తింది. వైరు లాక్కుని హెడ్‌ఫోన్స్ ఊడి, గంగాధరరావు చాయ్ గ్లాసు మీద పడ్డాయి.

"అమ్మా! నా పంచె!" అన్నాడాయన. ఆ ముక్క కూడా లైవులో వెళ్లింది.

ఇంటికి వచ్చి దోర్కా దుప్పటి కప్పుకుని పడుకుంది. అయిపోయిందనుకుంది. తెల్లారేసరికి గల్లీలో అందరి ఫోన్లలోనూ అదే. కిరాణా కొట్టతను కూడా చక్కెర తూచి ఇస్తూ "నాదే" అన్నాడు. సాలమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నది.

"చిన్నప్పటి నుంచి గొంతు తగ్గియ్యవే అంటే తగ్గియ్యవైతివి. గిప్పుడు జూడు, గొడ్డు దప్పిపోయినట్టు ఒర్లినవ్. ఆ పెద్దాయన పంచె అంత చాయేనా?"

"అమ్మా, నువ్వు జర ఊకో."

మధ్యాహ్నం రాజశ్రీ ఫోన్ చేసింది. దోర్కా తనే ముందు "సారీ మేడం" అంది.

"సారీ ఎందుకు? మస్తు నడుస్తుంది మేడం క్లిప్. మా పైవాళ్లు ఫుల్ ఖుషీ. వాళ్లేమంటున్నరంటే, ప్రతి మ్యాచ్‌ల ఒక కార్నర్‌కు మీరు గట్లనే అనాలె. మీ గుర్తు లెక్క. శనివారం ఒక్కసారి అట్ల అనేయండి, సీజన్ మీదే."

"ఊరికే అనాల్నా?"

"ఊరికే అంటే... బాల్ రాంగనే అనుండ్రి. చాయ్ గ్లాసు మేం తీసేస్తం."

ఫోన్ పెట్టేశాక దోర్కా చాలాసేపు మిషన్ పక్కన కూర్చుంది. సూది కిందికీ పైకీ పోతోంది. అనేస్తే సీజన్ తనది. ఒక్క మాట. అరిస్తే చాలు. నోట్లో పెట్టుకుని చూసుకుంది ఆ మాటను. లేవని మోకాళ్లతో, కుర్చీలో కూర్చుని, పట్టబోని బంతి మీద.

సాయంత్రం గ్రౌండుకు వెళ్లింది. సాంబయ్య సారు ఇప్పుడు వాచ్‌మన్ కాదు, ముసలాయన. అయినా పొద్దుగూకే వేళ గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోకపోతే ఆయనకు తోచదు. మందుల కంపెనీ వాసన పల్చగా వస్తోంది. చెరువు మీద పొగలాంటిది లేస్తోంది. దోర్కా సంగతంతా చెప్పింది. ఆయన విన్నాడో కునుకు తీశాడో తెలియలేదు.

"అంటే ఏమైతది?" అన్నాడు చివరికి.

"నువ్వే గదా సార్ అన్నది. పోనోళ్లు అనొద్దని."

"అది గ్రౌండ్ల మాట. టీవీల అంటే ఎవరాగుతరే? ఎవరూ ఆగరు. అను, ఏంగాదు." కుర్చీలో సర్దుకుని, "శనివారం నిస్సీది గాదు ఆట?" అన్నాడు.

నిస్సీదే. ఇదే గ్రౌండులో దోర్కా దగ్గర గోల్ కాయడం నేర్చుకున్న పిల్ల. కేరళ జట్టుకు ఆడడం ఈ ఏడే మొదలు. పెద్ద గోల్‌కీపర్‌కు దెబ్బ తగలడంతో శనివారం మొదటిసారి దిగబోతోంది.

సారు అను అన్నాడు. అమ్మ కూడా అను అంది. "మేము పాటల ఆమెన్ అనమా రోజూ? అట్లనే" అంది. దోర్కాకు ఎవరి మీదా కోపం రాలేదు. వాళ్లందరూ సరిగానే చెబుతున్నట్టుంది. మర్నాడు పొద్దుటి కలలో మంచులోంచి మొదటిసారి బంతి వచ్చింది. ఎత్తుగా, నెమ్మదిగా, తనవైపే. తను నోరు తెరిచింది, మాట రాలేదు.

శనివారం బల్ల మీద చాయ్ లేదు. గంగాధరరావు ప్యాంటు వేసుకుని వచ్చాడు. "జాగ్రత్త కోసం" అన్నాడు.

ఆట మొదలైంది. నిస్సీ స్క్రీన్ మీద నారింజరంగు చొక్కాలో చిన్న దీపంలా ఉంది. దోర్కా మాట్లాడుతూ పోయింది. బంతి అవతల ఉన్నప్పుడు కూడా ఆగలేదు. "ఇప్పుడు గోల్‌కీపర్‌కు పనేం లేదనుకుంటారు సార్. ఇప్పుడే ఆమె మాట్లాడాలి. ముందున్నవాళ్లకు వెనకేముందో చెప్పేది ఆమె ఒక్కతే" అంది.

"అంటే మనలాగే అన్నమాట," అన్నాడు గంగాధరరావు.

మొదటి కార్నర్ వచ్చింది. "మేడం, ఇప్పుడు," అంది చెవిలో రాజశ్రీ. బంతి ముందే ఎవరి తలకో తగిలి బయటికి పోయింది. ఇంకొకటి వచ్చింది. "మేడం!" దోర్కా కుర్చీ అంచు పట్టుకుంది. నాలుక మీదికి వచ్చిన మాటను అక్కడే ఉంచింది. బంతి పైనుంచి దాటిపోయింది. రాజశ్రీ నిట్టూర్పు చెవిలో గాలిలా తగిలింది. "మేడం, పైవాళ్లు చూస్తున్నరు. ఇగ మీ ఇష్టం."

ఆట చివరికి వచ్చింది. నిస్సీ జట్టు ఒక్క గోలు ఆధిక్యంలో ఉంది. మళ్లీ కార్నర్. అవతలి జట్టు గోల్‌కీపర్ కూడా ఇటే పరిగెత్తుకొచ్చింది. నారింజ చొక్కా చుట్టూ జనం. రాజశ్రీ ఈసారి ఏమీ అనలేదు. బంతి లేచింది. దీపాల్లోకి వెళ్లింది. ఆగింది.

దోర్కా చేతులు బల్ల మీంచి లేచాయి. అప్పుడు చూసింది. నిస్సీ ఎడమ కాలు ముందుకు పడింది, కుడి మోకాలు లేస్తోంది. వెళుతోంది ఆ పిల్ల.

"నిస్సీది!" అంది దోర్కా. ఆ గొంతుకు గాజు తలుపు అదిరింది. "నిస్సీది! బంతి నిస్సీది!"

"ఇంకా గాల్లోనే ఉంది కదమ్మా!" అన్నాడు గంగాధరరావు. ఆయన మాట పూర్తయ్యేలోపు జనం మధ్య నుంచి రెండు చేతులు అందరికన్నా పైకి లేచి బంతిని దించాయి. నిస్సీ జట్టుదే ఒక తెల్ల చొక్కా పిల్ల ఆమెకు తగిలి పడింది. నిస్సీ కూడా పడింది. బంతి రొమ్ముకు హత్తుకునే ఉంది.

రీప్లే వేశారు. ఈసారి దగ్గరగా, నెమ్మదిగా. బంతి కోసం లేస్తున్న నిస్సీ ముఖం స్క్రీన్ నిండా. జుట్టు నుదుటికి అంటుకుంది. నోరు పెద్దగా తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ సాగింది. శబ్దం లేదు.

"ఏదో అంటోందే," అన్నాడు గంగాధరరావు. "ఏమంటోందమ్మా?"

దోర్కా స్క్రీన్ వైపు కొంచెం వంగింది. మామూలుగా, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పింది.

"నాదే అంటోంది సార్. మా నాచారం గ్రౌండులో అట్లనే అంటరు. అన్నంక పోవాలె. పోయింది చూడండి."

"పోయింది, పట్టింది కూడా," అన్నాడు గంగాధరరావు.

ఆట అయిపోయాక రాజశ్రీ గదిలోకి వచ్చి వైర్లు చుట్టింది. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. తలుపు దగ్గర ఆగి, "వచ్చే శనివారం మ్యాచ్ పెందలాడే ఉంది మేడం. లంచ్ టైంకే రావాలె. ఆ పై శనివారం గోవా వాళ్లది. సీజన్ డేట్స్ వాట్సాప్ చేస్త" అంది.

ఉప్పల్ నుంచి చిల్కానగర్ మీదుగా ఆటోలో వస్తుంటే నిస్సీ ఫోన్ చేసింది. వెనక బస్సులో పాటలు, కేకలు.

"అక్కా! నా పేరు మస్తు ఒర్లినవంట. మా అమ్మ ఏడుస్తుంది."

"లేటుగ అరిసినవ్."

"ఏ! నీకు ఇనవడ్డదా?"

"నోరు కనవడ్డది. నీ ముంగటున్న తెల్లంగి పిల్ల ఆగలేదు సూడు, గందుకే నీ మీద వడ్డది. జర ముందుగాల అరిస్తే ఆగుతుండె."

"టీవీల మెచ్చుకుంటవ్, ఫోన్ల తిడుతవ్." నిస్సీ నవ్వింది. "ఎట్ల అరవాల్నో ఒక్కపారి అను అక్కా, ఇని నేర్సుకుంట."

దోర్కా ఆటోలోంచి బయటికి చూసింది. స్టేడియంలో ఇవాళ ఆట లేదు. ఆ వైపు ఆకాశం మామూలుగా మసకబారుతోంది.

"కూసోని ఎట్ల అంటరే?" అంది. "గ్రౌండుకు రా, జెప్త."